మైనపు పడవల ఫ్రూడ్

పోయిన సెమిస్టర్‌లో మా బ్యాచ్ మినీ ప్రాజెక్ట్ ఒక చిన్న మోటారు బోటు డిజైన్. పదహారు అడుగుల బోటు, వెనకాల అవుట్‌బోర్డ్ ఇంజన్, నలుగురు మనుషులు, సరదాగా రిజర్వాయర్‌లో తిరగడానికి. డ్రాయింగులు బాగానే వచ్చాయి, బరువుల లెక్క కూడా కుదిరింది. రివ్యూలో సార్ అడిగింది ఒక్కటే ప్రశ్న. ట్యాంకులో ఎంత పెట్రోలు పోస్తే ఎంత దూరం వెళ్లి తిరిగొస్తుంది?

మేం బైకు మైలేజీ లెక్క చేసుకొచ్చాం. గంటకి 8 కిలోమీటర్ల వేగంలో ఇంత తాగితే, 10 కిలోమీటర్ల వేగంలో దానికి పావు వంతు ఎక్కువ తాగుతుందని రాశాం. సార్ నవ్వలేదు, కోప్పడనూ లేదు. రోడ్డు మీద పెట్రోలు అయిపోతే బండి తోసుకుంటూ బంకు దాకా వెళ్తారు, నీళ్ల మధ్యలో అయిపోతే ఏం తోస్తారని మాత్రం అడిగారు. తర్వాత మా షీటు చివర్న ఒక పేరు రాసి, ఈయన గురించి చదువుకుని రమ్మన్నారు.

ఆ పేరు మనందరికీ తెలిసిందే. ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్‌లో హైడ్రాలిక్ జంప్ ప్రయోగం చేసినప్పుడు రికార్డులో కనీసం పదిసార్లు రాసి ఉంటాం. మన క్లాసులో సగం మంది ఫ్రౌడ్ అంటారు, మిగతా సగం ఫ్రాడ్ నంబర్ అని జోకులేస్తారు. అసలు ఉచ్చారణ ఫ్రూడ్. విలియం ఫ్రూడ్. పరీక్షలో రెండు మార్కుల ఫార్ములాగా తెలిసిన మనిషి జీవితం చదవడం మొదలుపెడితే, మా పెట్రోలు ప్రశ్నే ఆయన ప్రశ్న కూడా అని తెలిసింది. ఆయన కాలంలో పెట్రోలు లేదు, బొగ్గు ఉంది. అంతే తేడా.

ఫ్రూడ్ 1810 నవంబర్ 28న ఇంగ్లండ్ నైరుతిలోని డెవన్ ప్రాంతంలో, డార్టింగ్టన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి చర్చిలో పెద్ద హోదా ఉన్న మతాధికారి. ఆ ఊరి పక్కనుంచే డార్ట్ నది పారుతుంది. ఈ నదిని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. చిన్నతనంలోనే తల్లి పోయింది. అన్నదమ్ముల్లో ఇద్దరు ఈయనకంటే ముందే పేరు తెచ్చుకున్నారు. పెద్దన్న హరెల్, ఇంగ్లండ్ చర్చిని కుదిపేసిన ఆక్స్‌ఫర్డ్ ఉద్యమానికి మొదటి నాయకుల్లో ఒకడు. తమ్ముడు జేమ్స్ ఆంథొనీ పెద్ద చరిత్రకారుడయ్యాడు. అప్పట్లో ఆ ఇంటి పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది వాళ్లిద్దరే. మధ్యలో ఉన్న విలియంకి లెక్కలన్నా, పనిముట్లన్నా, పడవలన్నా ఇష్టం.

ఆక్స్‌ఫర్డ్‌లో ఓరియల్ కాలేజీలో చదివి 1832లో గణితంలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నాడు. అన్న హరెల్ ఆ కాలేజీలోనే ఫెలో. అన్న స్నేహితుడు జాన్ హెన్రీ న్యూమన్ కూడా అక్కడే. తర్వాత కాథలిక్ మతంలోకి మారి కార్డినల్ అయిన న్యూమనే ఈయన. అన్న 1836లో చనిపోయాక కూడా న్యూమన్‌తో విలియం స్నేహం తెగిపోలేదు. ఆ స్నేహం ఎంత దూరం వెళ్లిందో చివర్లో చెప్తాను.

డిగ్రీ అయ్యాక రైల్వే సర్వేల్లో చేరాడు. 1837లో ఇసాంబార్డ్ బ్రూనెల్ దగ్గర బ్రిస్టల్-ఎక్సెటర్ రైల్వే పనిలో కుదిరాడు. తిన్నగా వస్తున్న పట్టా ఒక్కసారిగా వంపు తిరిగితే బండి కుదుపుకి గురవుతుంది. అందుకని వంపు కొద్దికొద్దిగా పెరిగేలా పట్టాలు వేసే పద్ధతి ఒకటి ఫ్రూడ్ తయారు చేశాడు. సివిల్ వాళ్లు సర్వేయింగ్‌లో చదివే ట్రాన్సిషన్ కర్వ్ ఇలాంటిదే. 1839లో కాథరిన్ హోల్డ్స్‌వర్త్‌తో పెళ్లయింది. అంతా సవ్యంగా సాగుతున్న కెరీర్. 1846 ప్రాంతంలో దాన్ని వదిలేసి, వయసు మీద పడుతున్న తండ్రికి తోడుగా డార్టింగ్టన్ వెళ్లిపోయాడు. తండ్రి 1859లో పోయేదాకా అదే జీవితం. మధ్యమధ్యలో నదిలో పడవ నడపడం, ఇంటి వర్క్‌షాపులో ఏదో ఒకటి చేసుకోవడం.

ఈరోజుల్లో ఎవరైనా ముప్పయ్యారేళ్లకి ఉద్యోగం మానేసి పదమూడేళ్లు ఇంట్లో కూర్చుంటే రెజ్యూమేలో ఆ గ్యాప్ ఏంటని అడుగుతారు. నిజానికి ఆ గ్యాపే లేకపోతే మనకి ఫ్రూడ్ నంబర్ ఉండేది కాదేమో.

ఆయన్ని మళ్లీ బయటికి లాగింది బ్రూనెల్. అప్పుడు ఆయన గ్రేట్ ఈస్టర్న్ అనే 692 అడుగుల ఓడ కట్టిస్తున్నాడు. అంత పెద్దది ఎందుకు అన్నదానికి జవాబు మొత్తం ఇంధనంలోనే ఉంది. ఆవిరి ఓడలకి బొగ్గు కావాలి. దూరం పెరిగితే బొగ్గు ఎక్కువ మోయాలి. బొగ్గు మోయడానికి మళ్లీ బొగ్గు తగలెయ్యాలి. కానీ ఓడ పొడవు, వెడల్పు, లోతు అన్నీ రెట్టింపు చేస్తే లోపల పట్టే సరుకు ఎనిమిది రెట్లవుతుంది, నీళ్లకి రాసుకునే ఒంటి వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే. కాబట్టి ఓడ చాలినంత పెద్దదైతే దారిలో ఎక్కడా బొగ్గు ఎక్కించుకోకుండా తూర్పు దేశాలకి వెళ్లొచ్చని బ్రూనెల్ లెక్క. అంత పెద్ద ఓడ అలల్లో ఎలా ఊగుతుందో ఎవరికీ తెలీదు. ఆ సంగతి చూసిపెట్టమని ఫ్రూడ్‌ని అడిగాడు. దాన్నుంచి పుట్టినదే ఓడల ఊగుడు మీద 1861లో ఫ్రూడ్ చదివిన పేపరు. అదే ఆ విషయానికి పునాది అయింది. అది వచ్చేసరికి బ్రూనెల్ లేడు, 1859లోనే పోయాడు. గ్రేట్ ఈస్టర్న్ తాను పుట్టిన దూర ప్రయాణానికి ప్రయాణికులతో ఎప్పుడూ వెళ్లలేదు. అది వేరే కథ.

ఫ్రూడ్ బుర్రలో మాత్రం బొగ్గు ప్రశ్న ఉండిపోయింది. ఒక ఓడని ఫలానా వేగంతో నడపడానికి ఎంత శక్తి కావాలి? ఓడ కట్టకముందే చెప్పగలమా? అప్పటిదాకా జరుగుతున్నది ఏంటంటే, ఇదివరకు కట్టిన ఓడల్ని చూసి, వాటి నుంచి ఒక గుణకం తీసుకుని, కొత్త ఓడకి అంటించడం. కొత్త ఓడ పాతదాని లాంటిదే అయితే లెక్క కుదురుతుంది. ఆకారం మారినా, వేగం పెరిగినా ఇంతే సంగతులు. చిన్న మోడళ్లు చేసి లాగి చూద్దామని వంద ఏళ్లుగా చాలామంది ప్రయత్నించారు. మోడల్ మీద వచ్చిన అంకెని పెద్ద ఓడకి ఎలా మార్చాలో ఎవరికీ సరిగ్గా తెలియక, వచ్చిన జవాబులు నిజమైన ఓడలతో కలవక, మోడళ్లంటే పిల్లలాట అనే పేరు పడిపోయింది.

1867లో ఫ్రూడ్ రెండు ఆకారాలు తయారు చేశాడు. ఒకదాని పేరు రేవెన్, అంటే బొంత కాకి. సూదిలా పదునైన ముందు భాగం, చూడగానే వేగంగా పోయేలా ఉంటుంది. రెండోది స్వాన్, అంటే హంస. మొద్దుగా, గుండ్రంగా నిండైన ముక్కు. ఒక్కో ఆకారంలో 3 అడుగులు, 6 అడుగులు, 12 అడుగులు, ఇలా మూడు సైజులు. వాటిని డార్ట్ నదిలో ఆవిరి లాంచీతో లాగిస్తూ ఎంత బలం పడుతోందో కొలిచాడు. ముందే అనుకున్నట్టు తక్కువ వేగంలో కాకి సులువుగా కదిలింది. వేగం పెంచేకొద్దీ తేడా తగ్గింది, ఒక దశ దాటాక హంస గెలిచింది. అప్పటి పెద్ద పెద్ద ఓడ డిజైనర్ల నమ్మకానికి ఇది పూర్తిగా ఎదురు.

అంతకంటే పెద్ద విషయం ఆయన కంటికి ఇంకోటి కనపడింది. 3 అడుగుల బోటు వెనకాల లేచే అలల్నీ, 12 అడుగుల బోటు వెనకాల లేచే అలల్నీ ఒకే వేగం దగ్గర పోలిస్తే రెండూ వేరువేరుగా ఉన్నాయి. పెద్దదాన్ని రెట్టింపు వేగంతో లాగితే మాత్రం అవే అలలు, అదే బొమ్మ, సైజు మాత్రమే పెద్దది. పొడవు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లు. అంటే వేగాన్ని పొడవు వర్గమూలంతో కలిపి చూడాలి. అలా సరిపోయిన వేగాల దగ్గర అలల వల్ల కలిగే నిరోధం బోటు బరువుతో పాటే పెరుగుతుంది. పొడవు నాలుగు రెట్లయితే బరువు 64 రెట్లు, అలల నిరోధమూ 64 రెట్లు. (న్యాయంగా చెప్పాలంటే ఈ సూత్రాన్ని ఫ్రాన్స్‌లో రీష్ అనే ప్రొఫెసర్ అంతకుముందే పాఠాల్లో చెప్పాడు. దాన్ని నీళ్లలో పెట్టి, కొలిచి, పనికొచ్చేలా చేసినవాడు ఫ్రూడ్. నంబర్‌కి ఆయన పేరు తర్వాతివాళ్లు పెట్టారు.)

మా పదహారు అడుగుల బోటు దగ్గరికి ఒకసారి వద్దాం. బోటు కదులుతుంటే ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతూ పోతుంది. ఒక దశలో అల పొడవు, బోటు పొడవు సమానమవుతాయి. అప్పుడు బోటు ముక్కు ఒక అల శిఖరం మీద, తోక ఇంకో శిఖరం మీద ఉంటాయి. ఇంకా వేగం పెంచాలంటే బోటు తన అల తానే ఎక్కాలి. ఈ వేగం నాట్లలో ఎంతంటే, అడుగుల్లో పొడవుకి వర్గమూలం తీసి 1.34తో గుణించడమే. పదహారుకి వర్గమూలం నాలుగు. అంటే దాదాపు 5.4 నాట్లు, గంటకి సుమారు 10 కిలోమీటర్లు. మేం మైలేజీ లెక్కలో అమాయకంగా వాడిన వేగం సరిగ్గా ఈ గోడ దగ్గరే ఉంది!

గోడకి బాగా ముందు ఉన్నప్పుడు నిరోధం దాదాపు వేగం వర్గంతో, శక్తి వేగం ఘనంతో పెరుగుతుందనుకున్నా, 8 నుంచి 10కి వెళ్తే గంటకి పట్టే ఇంధనం 1.25 ఘనం, అంటే దాదాపు రెండింతలు. ప్రయాణం త్వరగా అయిపోతుంది కాబట్టి కిలోమీటరుకి చూస్తే 56 శాతం ఎక్కువ. మేం రాసింది గంటకి 25 శాతం ఎక్కువ, అంటే కిలోమీటరుకి తేడాయే లేదని. గోడ దగ్గరికి వచ్చేసరికి ఈ ఘనం లెక్క కూడా సరిపోదు, నిజం ఇంకా ఘోరంగా ఉంటుంది.

మళ్లీ ఫ్రూడ్ దగ్గరికి. 1868లో ఆయన నౌకాదళ శాఖకి ఒక ప్రతిపాదన పెట్టాడు. మోడళ్లని లాగడానికి పొడవాటి నీటి ట్యాంకు కట్టుకుంటాను, డబ్బివ్వండి అని. ప్రధాన డిజైనర్ ఎడ్వర్డ్ రీడ్‌కి ఆలోచన నచ్చింది. అదే సమయంలో బ్రిటిష్ అసోసియేషన్ వాళ్లు ఓడల నిరోధం మీద ఒక కమిటీ వేశారు, ఫ్రూడ్ అందులో సభ్యుడు. కమిటీలో మిగతావాళ్లు మోడళ్లతో లాభం లేదు, నిజమైన ఓడల్నే లాగి చూడాలని 1869లో తేల్చారు. ఫ్రూడ్ ఒక్కడే విడిగా తన అసమ్మతి రాసిచ్చాడు. గ్రేట్ ఈస్టర్న్ కట్టిన జాన్ స్కాట్ రసెల్ కూడా మోడళ్లని తేలిగ్గా తీసేశాడు. ఆయనేమీ తెలీక మాట్లాడలేదు. స్వయంగా మోడళ్లతో ఎన్నో ప్రయోగాలు చేసి, అవి పెద్ద ఓడలకి పనికిరాక చేతులు కాల్చుకున్నవాడు. మనమైనా ఆ మీటింగులో ఉంటే బహుశా రసెల్ పక్కనే కూర్చునేవాళ్లం.

1870లో డబ్బు మంజూరైంది. 2000 పౌండ్లు, ట్యాంకు కట్టడానికీ రెండేళ్లు నడపడానికీ కలిపి. తన పనికి ఫ్రూడ్ జీతం తీసుకోలేదు. టార్కీలో తాను కట్టుకున్న ఇంటి దగ్గరే ట్యాంకు తవ్వించాడు. పొడవు 278 అడుగులు, పైన వెడల్పు 36 అడుగులు, లోతు 10 అడుగులు, మీద రేకుల కప్పు లాంటి షెడ్డు. నీటి పైన పట్టాలు, పట్టాల మీద ఒక బండి, దాన్ని తాడుతో లాగే చిన్న ఆవిరి ఇంజన్, వేగం తప్పకుండా ఉండటానికి గవర్నర్. మోడల్ మీద పడే బలం ఒక స్ప్రింగ్‌ని సాగదీస్తుంది, ఆ సాగుడు తిరిగే కాగితం మీద గీతగా పడుతుంది. ట్రాక్ నుంచి రికార్డర్ దాకా అన్నీ ఆయన డిజైన్లే. బ్రూనెల్ కొడుకు హెన్రీ ఆయనకి సహాయకుల్లో ఒకడు.

మోడళ్లు చెక్కతో కాదు, పారఫిన్ మైనంతో. చెక్క నీళ్లు తాగుతుంది, ఉబ్బుతుంది, ఆకారం మార్చాలంటే మళ్లీ మొదటి నుంచి చెక్కాలి. మైనం నీళ్లు తాగదు. అచ్చులో పోసి, గీసిన డ్రాయింగు ప్రకారం కత్తులు తిరిగే మెషీన్‌తో చెక్కి, చేత్తో నున్నగా చేస్తే చాలు. ప్రయోగం అయ్యాక కరిగించి ఇంకో ఓడ పోసుకోవచ్చు. మన త్రీడీ ప్రింటర్ దగ్గర క్యూలో నిలబడ్డప్పుడల్లా నాకు ఈ మెషీన్ గుర్తొస్తుంది.

అసలు చిక్కు ఇంకా ఉంది. నిరోధం అంతా అలలది కాదు. నీళ్లు ఒంటికి రాసుకోవడం వల్ల వచ్చే ఘర్షణ కూడా ఉంది. అలల వాటా ఒక సూత్రం ప్రకారం పెరుగుతుంది, ఘర్షణ వాటా ఇంకో సూత్రం ప్రకారం. రెండూ కలిసి ఉన్న ఒకే అంకెని తీసుకుని పెద్ద ఓడకి హెచ్చిస్తే జవాబు తప్పదా? అంతకుముందు అందరూ బోల్తా పడింది ఇక్కడే. ఫ్రూడ్ ఏం చేశాడంటే, ముందు ఘర్షణ ఒక్కదాన్నే పట్టుకున్నాడు. అలలు దాదాపు లేవకుండా ఉండే పలచటి పలకల్ని నిలువుగా నీళ్లలో ముంచి లాగాడు. 2 అడుగుల పలక నుంచి 50 అడుగుల పలక దాకా. కొన్నిటికి వార్నిష్, కొన్నిటికి రేకు, కొన్నిటికి నూలుబట్ట, కొన్నిటికి ఇసుక అంటించి మరీ చూశాడు. పలక పొడవయ్యేకొద్దీ చదరపు అడుగుకి పడే ఘర్షణ తగ్గుతోందని తేలింది. ముందు భాగం నీళ్లని తనతో పాటు కాస్త కదిలిస్తుంది, వెనక భాగం అప్పటికే కదులుతున్న నీళ్లలో పోతుంది కాబట్టి. బౌండరీ లేయర్ అనే మాట పుట్టక ముందు సంగతి ఇది.

ఇప్పుడు పద్ధతి సిద్ధం. మోడల్ మొత్తం నిరోధం కొలువు. పలకల పట్టికతో దాని ఘర్షణ లెక్కగట్టి తీసెయ్. మిగిలింది అలల వాటా, దాన్ని బరువు నిష్పత్తిలో పెంచు. పెద్ద ఓడ ఘర్షణని మళ్లీ పట్టికతో విడిగా లెక్కగట్టి కలుపు. ఈరోజు టోయింగ్ ట్యాంకుల్లో చేసేది కొత్త అంకెలతో ఇదే పని.

లెక్క నిజమేనా అని నిరూపించడానికి గ్రేహౌండ్ అనే 172 అడుగుల యుద్ధనౌకని వాడారు. 1871లో దాన్ని యాక్టివ్ అనే ఇంకో నౌకతో లాగించారు. ముందు ఓడ చెదరగొట్టిన నీళ్లలో వెనక ఓడ పడితే కొలత పాడవుతుంది కదా, అందుకని యాక్టివ్ పక్కకి ఒక పొడవాటి దూలం బయటికి కట్టి, దాని చివర్నుంచి తాడు వేశారు. తాడు మీద పడే లాగుడుని రకరకాల వేగాల్లో కొలిచారు. తర్వాత 1872లో టార్కీ ట్యాంకులో మొదట నీళ్లలో దిగింది గ్రేహౌండ్ మైనపు మోడలే. రెండు గీతలూ దగ్గరగా వచ్చాయి. 1874లో ఫలితాలు అచ్చయ్యాయి. మోడళ్లు పిల్లలాట అనే మాట అక్కడితో ఆగింది.

ఇందులోనే ఇంకో సంగతి బయటపడింది. మా ప్రాజెక్టుకి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే. గ్రేహౌండ్‌ని లాగడానికి ఎంత శక్తి సరిపోతుందో ఇప్పుడు తెలుసు. అదే ఓడ తన ఇంజన్‌తో తాను నడిచినప్పుడు సిలిండర్లలో ఎంత శక్తి పుడుతుందో కూడా తెలుసు. పోల్చి చూస్తే సగం కూడా ఓడని ముందుకి నెట్టడానికి వెళ్లడం లేదు. మిగతాది ఇంజన్ ఘర్షణలోనూ, ప్రొపెల్లర్ దగ్గరా, ప్రొపెల్లర్ ఓడ వెనక నీళ్లని లాగేయడం వల్లా పోతోంది. అప్పటిదాకా ఓడ మెల్లగా పోతే తప్పంతా ఆకారానిదే అనేవాళ్లు. బొగ్గులో పెద్ద వాటా ఓడ ఒంటిని తాకకముందే పోతోందని ఫ్రూడ్ అంకెలతో చూపించాడు.

ఆ పోయేది ఎక్కడ పోతుందో తెలియాలంటే ఇంజన్ షాఫ్ట్ దగ్గరే శక్తిని కొలవాలి. చిన్న ఇంజన్‌కి తాడు బ్రేకు చాలు, పెద్ద ఓడ ఇంజన్‌కి తాడు కట్టి ఆపితే కాలి బూడిదవుతుంది. 1877లో ఫ్రూడ్ దానికీ ఒక దారి చెప్పాడు. ప్రొపెల్లర్ తీసేసి ఆ చోట ఒక చక్రం, దాని చుట్టూ ఒక పెట్టె, రెండింట్లోనూ ఎదురెదురుగా గుంటలు, మధ్యలో నీళ్లు. చక్రం తిరిగితే నీళ్లు సుడులు తిరుగుతూ పెట్టెని తమతో పాటు తిప్పబోతాయి. పెట్టెని తిరక్కుండా ఆపడానికి ఎంత బరువు కావాలో చూస్తే టార్క్ తెలుస్తుంది. మన ఐసీ ఇంజన్స్ ల్యాబులో వాడే హైడ్రాలిక్ డైనమోమీటర్ ఈ వంశానిదే. గంటకి హార్స్‌పవర్‌కి ఎంత ఇంధనం అనే అంకె అలాంటి బ్రేకుల మీదే పుడుతుంది. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజన్‌కి అది ఉజ్జాయింపుగా లీటరులో మూడో వంతు కంటే కొంచెం తక్కువ. అంటే 20 హార్స్‌పవర్ నిజంగా తీసుకుంటుంటే గంటకి 6 లీటర్ల దాకా. ఇంజన్ మీద రాసి ఉన్న హార్స్‌పవర్ కాదు, ఆ క్షణంలో తీసుకుంటున్నది.

స్పీడు బోట్లు నీళ్ల మీద లేచి జారుతాయి కదా, వాటికీ అల గోడకీ సంబంధం ఏంటని మీకు అనుమానం రావచ్చు. ఆ ఆలోచన కూడా ఫ్రూడ్ బల్ల మీదికి వచ్చింది. 1872లో రామస్ అనే చర్చి ఫాదర్, అడుగున మెట్లు ఉండి నీళ్ల మీదికి లేచే ఓడ కట్టమని నౌకాదళానికి రాశాడు. ఫ్రూడ్ మోడళ్లు చేసి పరీక్షించాడు. విపరీతమైన వేగంలో లాభం ఉన్నా, అప్పటి బరువైన ఆవిరి ఇంజన్లు ఓడని అంత వేగానికి తీసుకెళ్లలేవని తేల్చాడు. తేలికైన పెట్రోలు ఇంజన్లు వచ్చాకే ఆ పని జరిగింది. ఇప్పటికీ ఆ బోట్లకి మధ్య వేగమే శాపం. ముక్కు పైకి లేచి, తోక కుంగి, తన అల ఎక్కలేక ఎక్కుతున్నప్పుడు పెట్రోలు మంచినీళ్లలా పోతుంది. నెమ్మదిగా పోవాలి, లేదా పూర్తిగా లేచి పోవాలి.

1870లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1876లో వాళ్ల రాయల్ మెడల్ వచ్చాయి. ఇక ఇంటి సంగతి. 1857లో భార్య కాథరిన్ కాథలిక్ అయింది. తర్వాత పిల్లల్లో కొందరు. వెనకాల ఉన్నది పాత స్నేహితుడు న్యూమన్ ప్రభావం. ఆ కాలపు ఇంగ్లండ్‌లో, అందులోనూ మతాధికారి ఇంట్లో, ఇది చిన్న విషయం కాదు. ఫ్రూడ్ మాత్రం మారలేదు. తన వాదన ఏంటంటే, ఏ నిర్ణయానికొచ్చినా దాని వెనక కొంత అనుమానం మిగిలే ఉంటుంది, ఆ అనుమానాన్ని దాచడం తప్పు. ట్యాంకులో ఏ అంకె మీద ఎంత నమ్మకమో ఎలా రాసేవాడో, దేవుడి విషయంలోనూ అలాగే రాశాడు. భార్యని ఆపలేదు, న్యూమన్‌తో స్నేహం మానలేదు. ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. పూర్తి రుజువు లేకుండా మనిషి దేన్నైనా గట్టిగా నమ్మొచ్చా అన్నదే వాటి సారాంశం. నమ్మకం మీద న్యూమన్ 1870లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఫ్రూడ్‌తో సాగిన వాదం దాని వెనక ఉంది.

ఒకే భోజనాల బల్ల దగ్గర, ప్రేమించే మనుషుల మధ్య, తాను మాత్రం తెలీదని చెప్తూ ఇరవై ఏళ్లు కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు ఊహకందదు. కమిటీలో ఒక్కడే అసమ్మతి రాయడం దీనికంటే తేలిక అయ్యుంటుంది.

1878లో కాథరిన్ చనిపోయింది. ఫ్రూడ్ కుంగిపోయాడు. విశ్రాంతి కోసం నౌకాదళం అతిథిగా బోడిసియా అనే యుద్ధనౌక ఎక్కి దక్షిణాఫ్రికా వెళ్లాడు. తిరుగు ప్రయాణానికి ముందు సైమన్స్‌టౌన్‌లో జబ్బుపడి, 1879 మే 4న అక్కడే పోయాడు. వయసు 68. నౌకాదళ లాంఛనాలతో అక్కడే సమాధి చేశారు. సరిగ్గా ఆ రోజుల్లో న్యూమన్ కార్డినల్ పదవి అందుకోవడానికి రోములో ఉన్నాడు. ఉన్న పనులన్నిటి మధ్య ఫ్రూడ్ వాదనకి జవాబుగా ఒక పొడవాటి ఉత్తరం రాస్తున్నాడు. ఆ ఉత్తరం ఫ్రూడ్‌కి చేరలేదు.

ట్యాంకు పని కొడుకు రాబర్ట్ ఎడ్మండ్ చేతికి వచ్చింది. 1880ల్లో దాన్ని పోర్ట్స్‌మత్ దగ్గర హాస్లర్‌కి మార్చి ఇంకా పెద్దది కట్టారు. 1883లో స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో డెన్నీ అనే ఓడల కంపెనీ సొంత ట్యాంకు తెరిచింది. అది ఇప్పుడు మ్యూజియం, దాని గోడ మీద ఫ్రూడ్ ముఖం చెక్కి ఉంటుంది.

రెండో రివ్యూకి మేం కొత్త షీటు పట్టుకెళ్లాం. మెల్లగా పోతే ఒక అంకె, గోడ దగ్గర ఒకటి, లేచి జారితే ఒకటి, ప్రతిదానికీ ఇంతనుంచి ఇంతదాకా అని రెండు హద్దులు. బోటువాళ్లు పాటించే పద్ధతి ప్రకారం ట్యాంకులో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు తిరిగి రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా. సార్ చివరిదాకా చూసి, ప్రొపెల్లర్ ఎఫిషియెన్సీ 55 శాతం అని ఎక్కడ కొలిచారని అడిగారు. కొలవలేదు. ఇప్పుడు ఆ పని మీదే ఉన్నాం, స్ప్రింగ్ బ్యాలెన్సూ తాడూ పట్టుకుని.